చీటీ లేని మాత్ర

నడుం నొప్పి నాన్నది. ఒళ్లు నొప్పులు అన్నవి. మెడికల్ షాపుకు పరిగెత్తేది మాత్రం ఇంట్లో చిన్నోడు. డాక్టర్ చీటీ లేకపోయినా నొప్పి మాత్ర దొరుకుతుందని పదేళ్లకే నేర్చుకున్న పిల్లాణ్ని, ఇరవయ్యేళ్లు వచ్చేసరికి ఆ అలవాటు ఎటు తీసుకెళ్తుంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఒకే రైలు పట్టాల మీదున్న మూడు ఊళ్ల సాక్షిగా ఈ వారం కథనం.

ధర్మవరంలో మగ్గాల వీధి. పొద్దుగూకే వేళ. గుంత మగ్గంలో కాళ్లు దించి పొద్దున్నుంచీ కూర్చున్న మనిషి పైకి లేవాలంటే ముందు రెండు చేతులూ గట్టుమీద ఆనించాలి. తర్వాత ఒక మోకాలు, ఆపైన రెండోది. నడుం నిటారు కావడానికి ఇంకో నిమిషం. రోజంతా ఆ కాళ్లు గుంతలో తొక్కుతూనే ఉన్నాయి. ఒక చెయ్యి నాడె తాడు లాగుతూ, ఇంకో చెయ్యి పేక పోగును కొట్టి బిగిస్తూ ఉంది. పెళ్లికూతురి ఒంటిమీద మెరిసే జరీ అంచుకు ఈ నడుమే ఆధారం.

"ఒరేయ్, అంగడికి పోయి నొప్పి మాత్రలు తీసుకురాపో."

పిల్లాడు పరుగెత్తుతాడు. షాపు దగ్గర మాట కూడా క్లుప్తమే.

"అన్నా, మా నాయనకు నడుం పట్టుకుండాదంట. మొన్న ఇచ్చినావే, ఆ మాత్రలే ఇయ్యి."

"ఎన్నప్పా?"

"నాలుగు."

షాపాయన షీటులోంచి నాలుగు మాత్రలున్న ముక్క కత్తిరిస్తాడు. మందు పేరు, గడువు తేదీ, ఎర్ర అక్షరాల హెచ్చరిక ఉన్న భాగం షీటుతోపాటు డబ్బాలోనే ఉండిపోతుంది. పిల్లాడి చేతికొచ్చేది పేరులేని నాలుగు బిళ్లలు. వాటిని చిన్న కాగితం కవరులో వేసి, పైన పెన్నుతో ఒక గీత గీస్తాడు. పూటకొకటి అని దాని అర్థం.

ఈ మాటలు ఏ ఒక్క షాపువీ కావు. రాష్ట్రంలో ఏ సందు చివర నిలబడ్డా వినబడేవే. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. తండ్రికి నొప్పి నిజం, షాపాయనకు జాలి నిజం, పిల్లాడికి తొందర నిజం. లేనిదల్లా ఒకటే. చీటీ.

ఒకే మాట, రెండు మందులు

మన ఇళ్లలో "నొప్పి మాత్ర" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జాతుల మందులు దాక్కుని ఉన్నాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటి జాతి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. వాపును తగ్గించి నొప్పిని తగ్గిస్తాయి. వీటితో మత్తు రాదు. అలాగని నిరపాయమూ కాదు. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు, ఎండలో పనిచేస్తూ సరిగా నీళ్లు తాగనివాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. డైక్లోఫెనాక్ ఎంత పని చేయగలదో తెలుసుకోవాలంటే ఆకాశంలోకి చూడాలి. ఒకప్పుడు పశువు చచ్చిందంటే గుంపులుగా వాలే రాబందులు ఏమయ్యాయి? పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలిపోయింది. వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. మూడు జాతుల రాబందులు మన దేశంలో 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాక, 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. మనుషులకు వాడే డైక్లోఫెనాక్ మాత్ర కూడా చట్టప్రకారం చీటీ మీద అమ్మాల్సిందే. ఆ మాట ఎంతమందికి తెలుసు?

రెండో జాతి వేరు. ట్రమడాల్, టపెంటడాల్, పెంటజోసిన్, కోడీన్... ఇవి నల్లమందు వరసకు చెందిన మందులు. కొన్ని గసగసాల కాయ పాలలోంచి వచ్చినవి, కొన్ని ప్రయోగశాలలో తయారైనవి. నొప్పి ఉన్నచోటికి వెళ్లి వాపు తగ్గించడం వీటి పని కాదు. మెదడులోనూ వెన్నుపాములోనూ నొప్పి కబురు చేరే తలుపుల దగ్గర కూర్చుని, ఆ కబురును లోపలికి పోనివ్వవు. ఆపరేషన్ తర్వాత, ప్రమాదంలో ఎముకలు విరిగినప్పుడు, క్యాన్సర్ ముదిరినప్పుడు ఇవి దేవుడిచ్చిన వరాలు. అయితే అదే తలుపుల దగ్గర సుఖం, నిద్ర, ఊపిరి కూడా ఉంటాయి. అందుకే నొప్పి లేనివాడు వేసుకుంటే మత్తు. ఎక్కువైతే ఊపిరి నెమ్మదించి, ఆగిపోతుంది.

పేరు చూడకుండా, రంగును బట్టి, "మొన్న ఇచ్చినావే" అనే గుర్తును బట్టి మాత్ర కొనే ఇంట్లో ఈ రెండు జాతులకూ తేడా తెలిసేదెలా?

ఒకటి మూస్తే ఇంకొకటి

మన దేశంలో నల్లమందు జాతి మాత్రల కథ గోడకు కన్నం పూడ్చినట్టుగా సాగింది. ఒకటి పూడిస్తే పక్కన ఇంకొకటి.

ముందు డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ ఉండేది. ప్రాక్సివాన్, స్పాస్మో ప్రాక్సివాన్ అంటే పాత తరానికి గుర్తుంటుంది. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ మందును సిరంజీల్లోకి ఎక్కించుకుని కుర్రాళ్లు చేతులు, కాళ్లు పోగొట్టుకున్నారు. 2013లో కేంద్రం దాన్ని నిషేధించింది. అదే ఏడాది మందుల నియమాల్లో హెచ్1 అనే కొత్త షెడ్యూలు చేర్చింది. 46 మందులున్న ఆ జాబితా 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉన్న మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి.

ప్రాక్సివాన్ పోయిన చోటికి ట్రమడాల్ వచ్చింది. దీన్ని జర్మనీ కంపెనీ గ్రూనెన్‌థాల్ 1977లో మార్కెట్లోకి తెచ్చింది. అలవాటు తక్కువ, బలమూ తక్కువ అనే నమ్మకంతో ఇది దేశదేశాలకు పాకింది. ఆ నమ్మకం ఎంత తప్పో పంజాబ్ నుంచి పశ్చిమాఫ్రికా దాకా జనం చూశారు. 2018 ఏప్రిల్ 26న ట్రమడాల్‌ను కేంద్రం ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. అప్పటిదాకా మందుల కేసు అయినది ఆ రోజు నుంచి మత్తు పదార్థాల కేసు అయింది. అనుమతి లేకుండా 250 గ్రాములకు మించి పట్టుబడితే కనీసం పదేళ్ల జైలు.

ట్రమడాల్ మీద తాళం పడగానే టపెంటడాల్ మీదికి చూపు మళ్లింది. ట్రమడాల్‌కు తమ్ముడిలాంటి ఈ మందు 2018 ఉత్తర్వులో లేదు. చీటీ మీదే అమ్మాలన్నది చట్టం. చీటీ అడిగేవాడెవడన్నది వాడుక. ఇక ఎగుమతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. టపెంటడాల్‌నూ కారిసోప్రొడాల్ అనే కండరాల మందునూ ఒకే మాత్రలో కలిపి, ముంబైకి చెందిన అవియో అనే కంపెనీ ఘనా, నైజీరియా, ఐవరీ కోస్టులకు పంపుతోందని 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టింది. ప్రపంచంలో ఎక్కడా అనుమతి లేని జోడీ అది. కథనం వచ్చిన కొద్ది రోజుల్లోనే ఆ జోడీ తయారీ, ఎగుమతి అనుమతులన్నీ రద్దు చేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ రాష్ట్రాలకు రాసింది. మనం తయారుచేసిన మాత్ర పరాయి దేశపు వీధుల్లో పిల్లల్ని పడగొడుతుంటే, వార్త లండన్ నుంచి వస్తేగాని మనకు మెలకువ రాలేదు.

విశాఖ నుంచి ఇక్కడిదాకా

ఇదంతా ఎక్కడో పంజాబ్‌లో, మణిపూర్‌లో జరిగేదనుకుంటే పొరపాటు. విశాఖపట్నంలో 2022, 2023 సంవత్సరాల్లో పోలీసులు పెంటజోసిన్ ఇంజెక్షన్ల ముఠాలను వరసగా పట్టుకున్నారు. ఆసుపత్రిలో నొప్పికి వేసే ఆ సూదిమందు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి కుర్రాళ్ల చేతుల్లో పడింది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మత్తుపదార్థాల మీద ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2025 మార్చి 21న ఆ విభాగం, ఔషధ నియంత్రణ, విజిలెన్సు అధికారులతో కలిసి రాష్ట్రమంతటా ఒకేసారి మెడికల్ షాపుల మీద తనిఖీలకు దిగింది. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ గరుడ. వెతికింది గంజాయి కోసం కాదు. చీటీ లేకుండా అమ్ముడవుతున్న మత్తు మాత్రల కోసం. గంజాయి అడవిలోంచి రావాలి, చెక్‌పోస్టు దాటాలి, వాసన దాచాలి. మాత్ర వీధి చివరే ఉంది, వాసన రాదు, జేబులో షీటు కనబడితే "తలనొప్పికి" అంటే చాలు.

మన మూడు ఊళ్లను ఈ కళ్లతో ఒకసారి చూడండి. బెంగళూరు నుంచి రైలెక్కితే గౌరీబిదనూరు దాటగానే రాష్ట్రం మారుతుంది, హిందూపురం వస్తుంది. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ల మార్కెట్ల ఊరు. బస్తాలు మోసే హమాలీల ఊరు. తూముకుంట వైపు ఫ్యాక్టరీలు. తర్వాత పెనుకొండ. విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధాని అయిన ఆ కోట కింద, ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఊరి గడియారమే మారిపోయింది. షిఫ్టులు, అద్దె గదులు, అమ్మానాన్నలకు దూరంగా ఉంటూ మొదటి జీతం అందుకునే కుర్రాళ్లు. ఆ తర్వాత ధర్మవరం జంక్షన్, పట్టు చీరల ఊరు. హిందూపురంలో అమ్ముడైన పట్టుగూడు దారమై ధర్మవరంలో చీరవుతుంది.

ఈ మూడు ఊళ్లకూ ఉమ్మడిగా ఉన్నది ఒళ్లు హూనమయ్యే పని. మగ్గమైనా, మూటయినా, రాత్రి షిఫ్టయినా పొద్దున లేవగానే ఒంట్లో ఎక్కడో ఒకచోట నొప్పి. ఒకరోజు పని మానితే ఆ రోజు కూలి పోతుంది. డాక్టరు దగ్గరికి పోతే సగం రోజు పోతుంది. మాత్రకు ఐదు నిమిషాలు చాలు. ఈ లెక్క ముందు ఏ హితబోధా నిలబడదు. పైగా రెండు రాష్ట్రాల సరిహద్దు, రెండు ఔషధ నియంత్రణ శాఖల పరిధి. ఇవతల చీటీ అడిగారని హిందూపురం నుంచి అవతలికి పోవడానికి గంట ప్రయాణం కూడా అక్కర్లేదు.

అలవాటు అడుగులు

మొదటి మాత్ర చాలామంది మత్తు కోసం వేసుకోరు. బైకు మీంచి పడ్డప్పుడో, పన్ను పీకించుకున్నప్పుడో, షిఫ్టు దిగి కాళ్లు లాగుతున్నప్పుడో వేసుకుంటారు. నొప్పి పోతుంది. దానితోపాటు దిగులు కూడా కాసేపు పోతుంది. ఆ రెండోది గుర్తుండిపోతుంది. ఇంకొందరికి స్నేహితుడే డాక్టరు. "ఒకటేసుకో మామా, హాయిగా ఉంటాది."

రెండు మూడు వారాలు వరసగా వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఒకటి చేసిన పనికి రెండు కావాలి, తర్వాత నాలుగు. ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, భరించలేని ఒళ్లు నొప్పులు. ఇది మోసం చూడండి. నొప్పికి మందుగా వచ్చింది, తనే నొప్పిని పుట్టించి, దానికి మళ్లీ తానే మందవుతుంది. ఇంట్లోవాళ్లకు ఇది జలుబు జ్వరంలా కనబడుతుంది. "ఏదైనా మాత్ర వేసుకోరా" అంటారు పాపం.

ట్రమడాల్, టపెంటడాల్ మోతాదు మించితే మూర్ఛలు కూడా రావచ్చు. మద్యంతోనో, నిద్రమాత్రలతోనో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం చాలా ఎక్కువ. మాత్రను సూదిలోకి ఎక్కించుకునే దాకా వెళ్తే అందులోని పిండి పదార్థాలు రక్తనాళాలను మూసేస్తాయి, చీముగడ్డలు లేస్తాయి. ఒకే సిరంజీ నలుగురు వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ సి. ఇంకో సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. కొన్నాళ్లు మానేసినవాడి ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. మానేశాక ఒక్కసారి మళ్లీ పాత లెక్కన వేసుకున్న రాత్రే ప్రాణం మీదికి వస్తుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నవారు దేశ జనాభాలో 2.1 శాతం అని తేలింది. అంటే దాదాపు 2 కోట్ల 26 లక్షల మంది. జనాభాలో హెరాయిన్ వాడేవారు 1.14 శాతమైతే, మందుల షాపులో దొరికే రకాలు వాడేవారు 0.96 శాతం. దొంగచాటు సరుకుకీ షాపు సరుకుకీ మధ్య దూరం అంతే. చికిత్సో సాయమో కావాల్సినవారు దాదాపు 77 లక్షలు. ఈ భారం ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది. మాదక ద్రవ్యాలకు బానిసలైనవారిలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది ఇరవై మందిలో ఒక్కరే.

నొప్పి కూడా నిజమే

ఇలాంటి కథనాలు చదివి కొందరు ఇంకో చివరికి పోతారు. నొప్పి మందులన్నీ విషమంటారు. అది ఇంకో అన్యాయం. క్యాన్సర్ ముదిరి నిద్రలేని రాత్రులు గడిపే మనిషికి మార్ఫిన్ అందకపోవడం మన దేశంలో దశాబ్దాల పాటు సాగిన క్రూరత్వం. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం పెట్టిన లైసెన్సుల చిక్కుముడులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర మత్తు మందులుగా గుర్తించాకే ఆ ముడి కొంత సడలింది. అమెరికా తప్పు దీనికి తలకిందులు. 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్ మాత్రను తెచ్చి, అలవాటయ్యే ముప్పు తక్కువంటూ డాక్టర్లను నమ్మించింది. 2007లో కోర్టులో తప్పు ఒప్పుకుంది. 2021లో ఆ దేశంలో మాదక ద్రవ్యాల మోతాదు మించి చనిపోయినవారు లక్షకు పైనే. అక్కడ అడిగినవాడికల్లా చీటీ రాశారు. ఇక్కడ చీటీ ఊసే లేదు. దారులు వేరు, గుంట ఒక్కటే.

చేనేత మనిషి నడుముకు మాత్ర ఒక్కటే జవాబు కాకూడదు. గంటకోసారి లేచి నడవడం, కూర్చునే గట్టు ఎత్తు సరిచేయడం, జకార్డు బరువును కాలితో కాకుండా మోటారుతో ఎత్తించడం, ఫిజియోథెరపీ. ఇవి మగ్గం దగ్గరికి చేరితే మాత్రల కవర్లు వాటంతటవే తగ్గుతాయి. నాన్న మాత్రలు తగ్గిన ఇంట్లో కొడుక్కి కౌంటరు అంత చనువుగా ఉండదు.

ఇంట్లో గమనించాల్సినవి

చిన్న చుక్కలా కుంచించుకుపోయిన కంటిపాపలు. పట్టపగలు కూర్చున్నచోటే జోగడం. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా. రోజుల తరబడి మలబద్ధకం. రెండు మూడు రోజులకోసారి వచ్చే వింత జలుబు. పుస్తకాల సంచిలోనో బైకు సీటు కిందో ఖాళీ షీట్లు. షీటు మీద ఎర్రగా ఎన్ఆర్ఎక్స్ అనే గుర్తు ఉంటే అది మత్తు మందుల చట్టం కిందికి వచ్చేదని అర్థం. పిలిచినా లేవకుండా, పెదవులు నీలిరంగుకు మారి, ఊపిరి అరకొరగా ఉంటే క్షణం ఆలస్యం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏం వేసుకున్నాడో దాచకండి. నాలాక్సోన్ అనే విరుగుడు ఉంది, వేళకు అందితే ఊపిరి తిరిగొస్తుంది.

కొట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం పనికిరావు. ఇది మెదడుకు పట్టిన జబ్బు, దీనికి మందుంది. డాక్టరు పర్యవేక్షణలో బుప్రినార్ఫిన్ లాంటివి ఇచ్చి, కౌన్సెలింగుతో క్రమంగా గట్టున పడేస్తారు. పోలీసు కేసవుతుందేమోనన్న భయమూ అక్కర్లేదు. తక్కువ పరిమాణంతోనో వాడుతూనో దొరికిన బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుందని ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ చెబుతోంది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ 14416. మత్తు మాత్రలు అమ్ముతున్నవారి సమాచారం ఇవ్వడానికి ఈగల్ నంబరు 1972.

తాళంచెవి మన దగ్గరే

2024 ఎన్నికల తర్వాత ఈ మూడు ఊళ్లకు దక్కిన యోగం రాష్ట్రంలో ఇంకెవరికీ లేదు. రాష్ట్ర ఆరోగ్య మంత్రి సత్యకుమార్ యాదవ్ ధర్మవరం ఎమ్మెల్యే. చేనేత, జౌళి శాఖల మంత్రి సవిత పెనుకొండ ఎమ్మెల్యే. హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ, హైదరాబాదులోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి చైర్మన్. మందుల షాపు తనిఖీ ఒకరి చేతిలో, మగ్గం గుంత ఒకరి చేతిలో, నొప్పికి న్యాయమైన వైద్యం ఎలా ఉండాలో రోజూ చూసే అనుభవం ఇంకొకరి చేతిలో. హెచ్1 రిజిస్టర్లను ఏడాదికోసారి గరుడలా వచ్చి చూసిపోతే చాలదు, నెలనెలా చూడాలి. ఆసుపత్రుల్లో సాయంత్రం పూట, మగ్గం దిగాక, షిఫ్టు దిగాక నొప్పులకు ఓపీ నడవాలి. ఈ రెండూ ఈ మూడు నియోజకవర్గాల్లో మొదలుపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

అవి జరిగేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈ సాయంత్రం నడుం పట్టేస్తే మాత్రల కోసం పిల్లాణ్ని పంపకండి. రేపు ఒక పూట కూలి పోయినా సరే, మీరే లేచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చీటీ రాయించుకోండి. షాపులో మందు పేరున్న ముక్కతో సహా అడిగి తీసుకోండి. పక్కన మీ అబ్బాయిని నిలబెట్టుకోండి, చూసి నేర్చుకుంటాడు.